కొత్తచెరువు ఎర్రనేల.. రంగు ఒక్కటే, లోతు వేరు

కొత్తచెరువు: ఒకే వానకు రెండు చేలు పదునయ్యాయి. ఒకే వారంలో రెండింటా విత్తనం పడింది. ఆ తరువాత పది పన్నెండు రోజులు వాన మొహం చాటేసేసరికి గట్టుకు ఎగువనున్న వేరుశనగ ఆకు ముడిచి వాలిపోయింది. దిగువనున్న చేను మాత్రం ఇంకా పచ్చగానే నిలిచింది. ముంగారు సాగులో ఈ ప్రాంతపు రైతులకు ఇది అనుభవమే. ఒకరి అదృష్టమని, మరొకరి కర్మమని సరిపెట్టుకోవడమూ పరిపాటే. అసలు కారణం మాత్రం కాళ్ల కిందనే ఉంది. పైకి రెండూ ఎర్రనేలలే. ఒకదానిలో జానెడు లోతున గరుసు తగులుతుంది, రెండోదానిలో మోకాటి లోతు దాటినా మన్నే ఉంటుంది.

ఉమ్మడి అనంతపురం జిల్లా నుంచి 2022 ఏప్రిల్ 4న విడివడి ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో, పుట్టపర్తికి, బుక్కపట్నానికి చేరువలో ఉంది కొత్తచెరువు మండలం. ఇక్కడి నేల స్వభావాన్ని తెలుసుకోవాలంటే మూడు విషయాలను కలిపి చూడాలి. ఒకటి భూమి వాలు, రెండు వాన తీరు, మూడు సర్వేల వివరాలు. ఏ ఒక్కదానితోనూ చిత్రం పూర్తికాదు.

గుట్ట నుంచి చెరువు దాకా..

అనంతపురం పీఠభూమి దక్షిణం నుంచి ఉత్తరానికి వాలి ఉంటుంది. హిందూపురం వద్ద సముద్రమట్టానికి 600 మీటర్లకు పైగా ఉన్న ఎత్తు, పుట్టపర్తి వద్ద సుమారు 475 మీటర్లకు, అనంతపురం పట్టణం వద్ద సుమారు 335 మీటర్లకు తగ్గుతుంది. ఈ పెద్ద వాలులో చిన్న చిన్న వాలులెన్నో ఉన్నాయి. ప్రతి గుట్ట చుట్టూ ఒక వాలు, ప్రతి వాలు చివర ఒక వంక, వంకకు అడ్డంగా ఒక కుంటో చెరువో కనిపిస్తాయి. కర్ణాటకలోని నంది కొండల ప్రాంతంలో పుట్టిన చిత్రావతి నది పుట్టపర్తి, బుక్కపట్నం మీదుగా సాగి పెన్నానదిలో కలుస్తుంది. బుక్కపట్నం చెరువుకు నీరిచ్చే నది ఇదే. ఊరి పేరులోనే చెరువున్న కొత్తచెరువుకు ఈ అమరిక కొత్త కాదు.

గుట్ట మీద నుంచి చెరువు కట్ట వరకు నడిస్తే నేల నాలుగు రకాలుగా మారుతుంది. గుట్ట నెత్తిన బండలు తేలి ఉంటాయి. వాటి సందుల్లో పిడికెడు మన్ను తప్ప సాగుకు చోటుండదు. గుట్ట పాదం నుంచి మొదలయ్యే మిట్ట చేలలో గరుసు కలిసిన పలుచని ఎర్రనేల ఉంటుంది. వాలు మధ్యకు వచ్చేసరికి లోతు పెరుగుతుంది, కింద బంక ఎక్కువగా ఉన్న పొర కనిపిస్తుంది. వంక ఒడ్డున, చెరువు ఆయకట్టులో ఎగువ నుంచి కొట్టుకొచ్చిన మెత్తటి మన్ను పేరుకుని ఉంటుంది. నీరు సరిగా పారని చోట్ల ఇదే పల్లం చౌడుబారుతుంది.

ఇలా వాలు వెంబడి వరుసగా మారే నేలలను శాస్త్రవేత్తలు ఒకే గొలుసులోని లంకెలుగా పరిగణిస్తారు. పైన పోయిన మన్నే కింద చేరింది. కాబట్టి ఒక చేను లోతు ఎంత ఉంటుందో ఊహించడానికి తొలి ఆధారం అది వాలులో ఎక్కడ ఉందన్నదే.

రాయి మన్నయిన తీరు

ఈ ప్రాంతానికి ఆధారం గ్రానైటు, నైస్ శిలలు. వీటి వయస్సు 250 కోట్ల సంవత్సరాలకు పైమాటే. ఎండకు, వానకు, వేళ్లకు పగిలి, నీటిలోని ఆమ్లానికి కరిగి ఈ రాయి క్రమంగా మొరంగా, మొరం మన్నుగా మారుతుంది. రాతిలోని తెల్లటి పలుగు అంత తేలికగా కరగదు. అదే ఇసుకగా మిగులుతుంది. ఫెల్డ్‌స్పార్ ఖనిజం బంకమట్టిగా మారుతుంది. ఇనుము గాలితో కలిసి హెమటైట్ అనే ఆక్సైడుగా ఏర్పడి ప్రతి రేణువుకూ పూత పూస్తుంది. నేల ఎర్రదనానికి మూలం ఇదే. పూత ఎంత పలుచనిదైనా రంగు గాఢంగా కనిపిస్తుంది. ఎరుపును చూసి నేల సారాన్ని గాని లోతును గాని అంచనా వేయలేకపోవడానికి కారణం ఇదే.

అంతర్జాతీయ వర్గీకరణలో లోతైన ఎర్రనేలలను ఆల్ఫిసాల్స్ అంటారు. పై పొరలోని బంకమట్టి నీటితో పాటు దిగి కింది పొరలో చేరడం వీటి లక్షణం. పలుచని గరుసు నేలలు ఎంటిసాల్స్ తరగతిలోకి, ఈ రెండింటికీ నడుమనున్నవి ఇన్సెప్టిసాల్స్ తరగతిలోకి వస్తాయి. నల్లరేగడి నేలలను వెర్టిసాల్స్ అంటారు. ఉమ్మడి జిల్లాలో సుమారు నాలుగింట మూడు వంతులు ఎర్రనేలలే. నల్లరేగడి ఎక్కువగా తాడిపత్రి, ఉరవకొండ వంటి ఉత్తర ప్రాంతాల్లో కనిపిస్తుంది.

ఇక్కడ గమనించదగిన విషయం మరొకటుంది. బంకమట్టి అంత లోతుకు దిగి పొరగా కుదురుకోవడానికి సమృద్ధిగా నీరు కావాలి. ఇప్పటి వానలకు అది సాధ్యం కాదని, ఈ పొరలు ఇప్పటికంటె తడిగా ఉన్న పూర్వయుగపు వాతావరణంలో ఏర్పడ్డాయని నేల శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. ఆ లెక్కన మన కాళ్ల కింద ఉన్నది పాత వానలు కూడబెట్టిన ఆస్తి. కొట్టుకుపోతే ఇప్పటి వానలు తిరిగి ఇవ్వలేవు.

వాన తక్కువ.. ఆవిరి ఎక్కువ

ఉమ్మడి అనంతపురం జిల్లా సాధారణ వర్షపాతం ఏడాదికి సుమారు 552 మి.మీ. ఇందులో జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల వల్ల సుమారు 338 మి.మీ., అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వల్ల సుమారు 156 మి.మీ. కురుస్తుంది. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డగించడంతో ఈ పీఠభూమి వర్షచ్ఛాయలో పడింది. తూర్పు తీరానికి దూరం కావడంతో ఈశాన్య రుతుపవనాలూ అంతంతమాత్రమే. ఏడాదిలో అన్నిటికంటె ఎక్కువ వాన సెప్టెంబరులో పడుతుంది. జూన్ చివర, జూలైలో విత్తిన పంట అప్పటివరకు ప్రాణం నిలుపుకోవలసి ఉంటుంది.

మరోవైపు ఎండ, గాలి కలిసి నేల నుంచి, మొక్కల నుంచి లాగేసుకోగల నీరు ఏడాదికి పడే వానకు దాదాపు మూడు రెట్లు. జూన్ నుంచి ఆగస్టు వరకు వీచే గాలుల బలం ఎంతో రామగిరి గుట్టలపై తిరిగే గాలిమరలే చెబుతాయి. విద్యుత్తునిచ్చే ఆ గాలే చేనిలోని పదునునూ ఆరగిస్తుంది.

నాగపూర్‌లోని జాతీయ నేలల సర్వే, భూవినియోగ ప్రణాళిక సంస్థ దేశాన్ని 20 వ్యవసాయ పర్యావరణ ప్రాంతాలుగా విభజించింది. అందులో మూడోది దక్కను పీఠభూమిలోని ఎర్ర, నల్ల నేలల ఉష్ణ శుష్క ప్రాంతం. అనంతపురంతో పాటు బళ్లారి, రాయచూరు వైపు భూములు ఇందులోకి వస్తాయి. నేలలో పంటకు చాలినంత తేమ నిలిచే కాలం ఈ ప్రాంతంలో 90 రోజుల లోపే. వేరుశనగకు కావలసింది 105 నుంచి 110 రోజులు. ఈ లోటును పూడ్చగలిగింది నేలలో దాగిన తేమ ఒక్కటే.

నేల ఒక తొట్టి అనుకుంటే..

నేలను నీటి తొట్టిగా భావిస్తే లోతు ప్రాధాన్యం తేలికగా అర్థమవుతుంది. ఇసుక కలిసిన ఎర్రనేల ఒక మీటరు లోతున 80 నుంచి 100 మి.మీ. వరకు పంటకు అందే నీటిని పట్టి ఉంచుతుంది. అంటే సెంటీమీటరు మన్నుకు ఒక మిల్లీమీటరు, లేదా అంతకంటె కొంచెం తక్కువ. నల్లరేగడి అయితే మీటరుకు 150 నుంచి 200 మి.మీ. పట్టగలదు. గరుసు రాళ్లలో నీరు దాదాపు నిలవదు కనుక వాటి వంతును తీసివేయాలి. ఎదిగిన వేరుశనగ రోజుకు 4 నుంచి 5 మి.మీ. నీరు వాడుకుంటుంది.

ఈ అంకెలతో మూడు చేలను పోల్చవచ్చు.

మిట్ట చేను: లోతు 30 సెం.మీ., అందులో మూడోవంతు గరుసు. మిగిలిన మన్ను 20 సెం.మీ. నిల్వ నీరు 16 నుంచి 20 మి.మీ. నిండుగా తడిసినా పంటకు సరిపోయేది సుమారు 4 రోజులు.

వాలు మధ్య చేను: లోతు 60 సెం.మీ., పదోవంతు గరుసు. మిగిలిన మన్ను 54 సెం.మీ. నిల్వ నీరు 43 నుంచి 54 మి.మీ. సరిపోయేది 10, 11 రోజులు.

దిగువ చేను: లోతు 90 సెం.మీ., గరుసు లేదు. నిల్వ నీరు 72 నుంచి 90 మి.మీ. వేళ్లు అంత లోతుకు దిగితే సరిపోయేది సుమారు 18 రోజులు.

ఇది అంచనా మాత్రమే. నీరు తగ్గేకొద్దీ మొక్క పొదుపు పాటిస్తుంది, ఆకు ముడుచుకుని మరికొన్ని రోజులు ఓర్చుకుంటుంది. అయినా నిష్పత్తి మారదు. పూత దశలో, ఊడలు నేలలోకి దిగే దశలో రెండు వారాలు వాన లేకపోతే మిట్ట చేను కోలుకోలేదు. దిగువ చేను కోలుకుంటుంది. కరవు తీవ్రతను వాన ఒక్కటే నిర్ణయించదు, నేల లోతు కూడా నిర్ణయిస్తుంది.

పెద్ద వాన వచ్చినప్పుడూ ఇదే తేడా. గంటలో 60 మి.మీ. పడిందనుకుందాం. మిట్ట చేను పట్టగలిగింది 20 మి.మీ. మాత్రమే. మిగిలిన 40 మి.మీ. గరుసు కిందికి ఇంకాలి, లేదా వంకకు పోవాలి. ఎకరాకు ఒక మిల్లీమీటరు వాన అంటే సుమారు 4 వేల లీటర్లు. 40 మి.మీ. అంటే లక్షా 60 వేల లీటర్లు. పైగా ఎర్రనేల పైపొర చినుకుల దెబ్బకు అట్టకట్టి, ఆరితే గట్టిపడుతుంది. తరువాతి వాన ఇంకకుండా జారిపోవడానికి, మొలక పైకి రాలేకపోవడానికి ఈ అట్టే కారణం.

సర్వేలు చెప్పేవి.. చెప్పనివి

ఈ నేలలను కొలవడం ఇప్పటిది కాదు. 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి దత్త మండలాలు దక్కాక, 1807 వరకు ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పొలాలను కొలిపించి శిస్తు నిర్ణయించారు. ఆ తరువాతి సెటిల్‌మెంట్లలో నేలలను రేగడి, ఎర్రనేల వంటి తరగతులుగా, వాటిలో మళ్లీ బంక, గరప, ఇసుక రకాలుగా విభజించి ‘తరం’ కట్టారు. పాత రీసెటిల్‌మెంటు రిజిస్టర్లలో సర్వే నంబరు పక్కన కనిపించే తరం అంకె దీని ఫలితమే. ఆ వర్గీకరణ లక్ష్యం శిస్తు. పదును ఎన్నాళ్లు నిలుస్తుందన్నది దానికి అవసరం లేని ప్రశ్న. రాష్ట్రంలో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే కూడా హద్దులను, విస్తీర్ణాన్ని తేల్చడానికి ఉద్దేశించినదే.

నేలను నేలగా చూసిన సర్వే జాతీయ నేలల సర్వే సంస్థది. 1976లో ఏర్పడిన ఈ సంస్థ రాష్ట్రాలన్నిటికీ 1:2,50,000 నిష్పత్తిలో నేలల పటాలు తయారుచేసింది. ఆ పటంలో ఒక సెంటీమీటరు నేలపై రెండున్నర కిలోమీటర్లకు సమానం. ఎకరా చేను పటంలో పావు మిల్లీమీటరు కూడా మించదు. జిల్లా స్థాయి ప్రణాళికకు ఇది ఉపయోగం. ఏ గట్టుకు ఎగువన ఎంత లోతుందో చెప్పడం దీని పని కాదు. నెదర్లాండ్స్ సంస్థ ఒకటి ఉపగ్రహ, వాతావరణ వివరాల ఆధారంగా ప్రపంచమంతటికీ రూపొందించిన ‘సాయిల్‌గ్రిడ్స్’ పటంలో ఒక్కో గడి 250 మీటర్లు. అంటే 15 ఎకరాలకు పైగా భూమికి ఒకే అంకె. అదీ కంప్యూటరు అంచనా.

రైతు చేతికి నేరుగా అందినది భూసార కార్డు. 2015 ఫిబ్రవరి 19న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో ప్రారంభమైన ఈ పథకంలో నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్‌తో పాటు ఉదజని సూచిక, లవణ పరిమాణం, సేంద్రియ కర్బనం కలిపి 12 అంశాలను పరీక్షిస్తారు. ఎరువుల ఖర్చు తగ్గించుకోవడానికి ఇది ఎంతో అక్కర. అయితే పథకం మొదలైన నాటి నిబంధనల ప్రకారం వర్షాధార భూముల్లో 10 హెక్టార్లకు, అంటే సుమారు 25 ఎకరాలకు ఒక నమూనా తీశారు. మట్టి తీసేది పై 15 సెం.మీ. నుంచే. దాని కింద మన్ను ఉందో, బండ ఉందో కార్డులో కనిపించదు. గుట్ట పాదం నుంచి వంక దాకా నేల నాలుగు రకాలుగా మారే చోట 25 ఎకరాలకు ఒక్క నమూనా ఎంతవరకు ప్రాతినిధ్యం వహిస్తుందో ఊహించవచ్చు.

వాతావరణ ఆధారిత బీమాకూ ఇదే పరిమితి ఉంది. కేంద్రంలో నమోదైన వాన, వాన లేని రోజులు లెక్కలోకి వస్తాయి. అంతే వాన పడినా మిట్ట చేను ఎండి, దిగువ చేను నిలిస్తే ఆ తేడాకు అందులో చోటు లేదు. నష్టపోయేది ఎక్కువగా పలుచని నేలలున్న సన్నకారు రైతులే.

పార, గడ్డపారతోనే పరీక్ష

పటాలు చెప్పలేనిది చేనిలోనే తెలుసుకోవచ్చు. మంచి వాన పడిన రెండు మూడు రోజులకు, నేల పదునుగా ఉన్నప్పుడు, చేనిలో ఎగువన, నడుమ, దిగువన ఒక్కో గుంత తవ్వాలి. వీలైతే మీటరు లోతు వరకు, లేదా గడ్డపార ఆగే వరకు తవ్వి నాలుగు విషయాలు రాసుకోవాలి.

మొదటిది, మన్ను ఎక్కడ ఆగి మొరం మొదలైందో. రెండోది, గరుసు ఎంతో. గంపెడు మన్నును ఆరబెట్టి, రెండు మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, పైన మిగిలిన రాళ్లను తూచితే ఎన్నో వంతు గరుసో తెలుస్తుంది. మూడోది, బంక ఎంతో. తడిమన్నును అరచేతుల నడుమ పులిమితే తాడులా సాగితే బంక ఎక్కువ, ముద్ద కట్టకుండా రాలిపోతే ఇసుక ఎక్కువ. నాలుగోది, వేళ్లు ఎంత లోతుకు దిగాయో. పాత పంట వేళ్లు ఒకచోట పక్కకు తిరిగి ఉంటే అక్కడ గట్టిపొర ఉన్నట్లే.

ఈ వివరాలతో పైన చెప్పిన లెక్క కట్టవచ్చు. గరుసు పోగా మిగిలిన సెంటీమీటర్లే ఇంచుమించుగా నిల్వ ఉండే మిల్లీమీటర్లు. ఖర్చు లేదు, ఒక పూట శ్రమ చాలు. ఒకసారి తెలుసుకుంటే ఏళ్ల తరబడి పనికి వస్తుంది.

లోతును బట్టే పంట

వేరుశనగ ఈ నేలలకు అలవాటు కావడానికి కారణం ఉంది. గుల్లగా ఉండే ఎర్రనేలలో ఊడ తేలికగా దిగుతుంది, కాయ పీకడం సులువు. 2000 దశకంలో ఉమ్మడి జిల్లాలో ఈ పంట ఎనిమిది లక్షల హెక్టార్లు దాటింది. అంత విస్తీర్ణం అంటే పలుచని మిట్ట నేలలు కూడా అందులో చేరినట్లే. ఒకప్పుడు కొర్ర, సజ్జ, ఉలవలు పండిన చేలవి. తరువాతి కాలంలో విస్తీర్ణం తగ్గుతూ వచ్చింది.

జానెడు లోతు నేలలకు ఉలవ, కొర్ర వంటి తక్కువ నీటితో త్వరగా ముగిసే పంటలు, పశుగ్రాసం, సీతాఫలం, వేప వంటి చెట్లు నయం. మోకాటి లోతు నేలల్లో వేరుశనగకు తోడుగా కంది వేసుకోవచ్చు. ఏడు సాళ్లకు ఒక సాలు కంది వేసే పద్ధతిని వ్యవసాయ శాస్త్రవేత్తలు సిఫారసు చేస్తున్నారు. వేరుశనగ దెబ్బతిన్నా, సెప్టెంబరు, అక్టోబరు వానలను కంది వేళ్లు అందుకుంటాయి. అంతకుమించిన లోతుంటే ఆముదం, కంది పూర్తిపంటగానూ నిలుస్తాయి. చీనీ, మామిడి తోట పెట్టదలచినవారు ముందుగా గుంత తవ్వి చూడడం తప్పనిసరి. మొక్క నాటిన ఏడెనిమిదేళ్లకు బండ అడ్డుపడితే పెట్టుబడి తిరిగిరాదు. బోరుకు ఈ లెక్క వర్తించదు. బోరు నీరు రాతి పగుళ్లలోనిది. పైన మన్ను లోతుగా ఉన్నంత మాత్రాన కింద నీరు ఉంటుందనుకోరాదు.

ఉన్న మన్నును నిలుపుకోవడం

ఎకరా చేనిలో ఒక మిల్లీమీటరు పైమన్ను బరువు సుమారు 6 టన్నులు. అంతా సమంగా కొట్టుకుపోతే కంటికి తెలియదు. అలా ఏటా ఒక మిల్లీమీటరు పోతే పదేళ్లకు ఒక సెంటీమీటరు తగ్గుతుంది. 20 సెం.మీ. మన్నే ఉన్న చేనికి అది ఇరవయ్యో వంతు. పైగా ముందుగా పోయేది సేంద్రియ పదార్థం, మెత్తటి మన్ను. మిగిలేది గరుసు.

వాలుకు అడ్డంగా దున్నడం, అడ్డంగానే విత్తడం, గట్లు తెగకుండా చూసుకోవడం, మిట్ట నుంచి జారే నీటిని పట్టేలా పంటకుంట తవ్వడం పాత మాటలే అయినా పలుచని నేలకు ప్రాణాధారాలు. ముంగారుకు ముందే నవధాన్యాలు చల్లి నేలను కప్పి ఉంచే పద్ధతిని రాష్ట్ర ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ప్రోత్సహిస్తోంది. ఆకు కప్పు ఉన్న నేలపై చినుకు దెబ్బ తగ్గి అట్టకట్టదు. పొరుగున చెన్నేకొత్తపల్లి మండలంలో టింబక్టు కలెక్టివ్ సంస్థ 1990లో 32 ఎకరాల బీడుతో పని మొదలుపెట్టింది. నేలను కాపాడి, పశువులను, నిప్పును అదుపు చేస్తే గుట్టలపై పచ్చదనం తిరిగి వస్తుందని అక్కడి అనుభవం చాటుతోంది.

చెరువు పూడికమట్టి తోలడం మరో మార్గం. గుట్ట నుంచి జారిన మెత్తటి మన్ను చెరువులో ఉంది. దానిని తిరిగి మిట్ట చేనికి చేర్చడమే ఇది. బంక శాతం పెరిగి పదును మరికొన్నాళ్లు నిలుస్తుంది. ఎకరాకు ఒక సెంటీమీటరు మందం పరచాలంటే 40 ఘనపు మీటర్ల మట్టి కావాలి. ట్రాలీకి మూడు ఘనపు మీటర్ల చొప్పున 13, 14 ట్రిప్పులు. తోలేముందు ఆ మట్టిలో చౌడు లేదని పరీక్ష చేయించుకోవడం మంచిది.

కావలసింది చేను స్థాయి సర్వే

పొరుగున కర్ణాటకలో సుజల–3 పథకం కింద చిన్న పరీవాహక ప్రాంతాలవారీగా, సర్వే నంబర్ల స్థాయిలో నేల లోతు, గరుసు, వాలు, కోత వివరాలు సేకరించి వాటి ఆధారంగా పనులు నిర్ణయించారు. ఈ రకం సర్వేకు 1:10,000 లేదా అంతకంటె పెద్ద నిష్పత్తి పటాలు వాడతారు. ఒక సెంటీమీటరు వంద మీటర్లకు సమానం కావడంతో ఎకరా చేను కూడా పటంలో విడిగా కనిపిస్తుంది.

ఇక్కడా అటువంటి సర్వే జరిగితే ఏ చేనికి ఏ పంట, ఎక్కడ పంటకుంట, ఏ రైతుకు ముందుగా పూడికమట్టి అన్నది అంచనాలతో కాక ఆధారాలతో తేలుతుంది. భూసార కార్డులో నేల లోతు, గరుసు శాతం అనే రెండు గడులు చేర్చినా మేలే. అది జరిగేవరకు వచ్చే ముంగారుకు ముందే ఒక తొలకరి వాన చూసుకుని చేనిలో మూడు గుంతలు తవ్వి చూసుకోవడం రైతు చేతిలో పనే. విత్తనం ఏది కొనాలో ఆ గుంతలు చూశాక నిర్ణయించుకోవడం ఉత్తమం.